పుణెలో ఉండి మన సీమ వంట వండుకోవాలంటే వంటింట్లో ఏమేం పెట్టుకోవాలి?

బనగానపల్లె_బ్యాచిలర్:

అందరికీ నమస్తే. మాది నంద్యాల జిల్లా, ఉద్యోగం పుణెలో. ఇన్నాళ్ళూ పీజీ తిండి తిన్నాను, ఇప్పుడు సింగిల్ బెడ్రూమ్ ఫ్లాట్ తీసుకున్నాను కాబట్టి ఇక మన తిండే వండుకోవాలని గట్టిగా అనుకుంటున్నా. వంట బొత్తిగా రానివాణ్ణి కాదు, అన్నం, టమాటా పప్పు, చారు, గుడ్డు కూర ఇవన్నీ వచ్చు. కానీ నాకు కావలసింది సంగటి, జొన్న రొట్టె, ఉగ్గాని (మరమరాలతో చేసేది), పులగం, గుత్తి వంకాయ, ఆదివారం నాటుకోడి పులుసు. అంటే మా ఇంట్లో మామూలుగా తినేవే.

అమ్మను అడిగితే ఫోన్‌లో చెప్పుకుంటూ పోయింది, నేను రాసుకుంటూ పోయాను, చివరికి చూస్తే అది నలుగురున్న ఇంటికి ఏడాది సరుకులా ఉంది. బస్తా జొన్నలు, బస్తా బుడ్డలు (వేరుశనగలు), రోలు, కుండలు, జాడీలు... నా వంటిల్లు ఎంతంటే ఇద్దరు నిలబడితే మూడోవాళ్ళు హాల్లో ఉండాల్సిందే. రెండు బర్నర్ల స్టవ్, చిన్న ఫ్రిజ్, ఒక మిక్సీ, ఒక కుక్కర్ ఉన్నాయి.

ఊరి నుంచి ఏం తెచ్చుకోవాలి, ఇక్కడ ఏం దొరుకుతాయి, సామాన్లలో ముందు ఏవి కొనాలి? రోలు నిజంగా అవసరమా, మిక్సీతో సరిపోతుందా? ఇక్కడి షాపుల్లో పేర్లు కూడా తెలియడం లేదు, రాగిపిండి అడిగితే షాపతను నా మొహం చూశాడు.

కడపక్క_పుణె:

తమ్ముడూ, మీ అమ్మ లిస్టు తప్పేం కాదు, కానీ అది ఊళ్ళో ఉండేవాళ్ళ లిస్టు. అక్కడ పంట వచ్చినప్పుడు ఒక్కసారే తీసుకుని ఎండబెట్టి దాచుకుంటారు, దానికి చోటూ ఉంటుంది, మిద్దె మీద ఎండా ఉంటుంది. నీకు రెండూ లేవు. నేను చాలా ఏళ్ళుగా పుణెలోనే ఉంటున్నా, నా లెక్క ఒకటే: బరువుండేవి ఇక్కడే కొను, రుచి మారేవి మాత్రం ఊరి నుంచి తెచ్చుకో.

జొన్నల కోసం ఊరి వైపు చూడనే వద్దు. నువ్వున్నది జొన్న రొట్టెలు తినే రాష్ట్రంలో. సోలాపూర్ వైపు నుంచి వచ్చే మాల్దండి జొన్న మన రొట్టెకు చక్కగా సరిపోతుంది, తెల్లగా, కాస్త తియ్యగా ఉంటుంది. ఇక్కడ జ్వారీ అంటారు. పిండి ప్యాకెట్లు కొనకు, గింజలు రెండు మూడు కేజీలు తీసుకుని దగ్గర్లో పిండి గిర్ణీ ఉంటే (ప్రతి పేటలో ఉంటుంది) వారం పది రోజులకు సరిపడా పట్టించుకో. జొన్న పిండి పాతబడితే జిగి పోతుంది, తడుతుంటేనే అంచులు పగులుతాయి, అప్పుడు నువ్వు నీ చేతిని తిట్టుకుంటావు, తప్పు మాత్రం పిండిది. కలిపేటప్పుడు మరిగే నీళ్ళు పోసి గరిటెతో కలిపి, వేడి ఓర్చుకునేలా అయ్యాక చేత్తో బాగా మదాయించాలి. గోధుమకు ఉన్నట్టు దీనికి సాగే గుణం ఉండదు కాబట్టి ఆ వేడినీళ్ళే దిక్కు.

రాగులు ఇక్కడ నాచ్ణీ. షాపతను మొహం చూసింది అందుకే. రాగిపిండి జొన్న పిండి కంటే ఎక్కువ రోజులు ఆగుతుంది, ఒక కేజీ డబ్బాలో ఉంచుకున్నా ఫర్వాలేదు. సజ్జ పిండి మాత్రం అసలు నిల్వ పెట్టకు, అందులో కొవ్వు ఎక్కువ, తొందరగా చేదెక్కుతుంది. కందిబ్యాళ్ళు, శనగబ్యాళ్ళు, పెసలు, నువ్వులు, ధనియాలు, బెల్లం అన్నీ ఇక్కడ బాగుంటాయి. ఉలవలు కావాలంటే కుళీథ్ అను, అలసందలకు చవళీ అను. బుడ్డలు కూడా ఇక్కడివే తీసుకో, మరాఠీవాళ్ళు మనకంటే తక్కువేం తినరు. గోంగూర కూడా దొరుకుతుంది, అంబాడీ అని అడుగు, చుక్కకూరకు ఆంబట్ చుకా. పెద్ద మండీలకు పొద్దున్నే వెళ్తే ఆకుకూరలు తాజాగా ఉంటాయి.

ఇక ఊరి నుంచి తేవలసినవి: ఎండు మిరపకాయలు లేదా ఇంట్లో కొట్టించిన కారం, చింతపండు, వడియాలు, ఊరమిరపకాయలు, ఎండబెట్టిన చింతచిగురు ఉంటే అది, అమ్మ చేతి మసాలా పొడి. బ్యాడిగి మిరపకాయలు ఇక్కడ ఎక్కడ చూసినా ఉంటాయి, రంగు బ్రహ్మాండంగా వస్తుంది, కానీ మన నాలుకకు ఆ కారం చాలదు. వాటితో చేసిన ఎర్రకారం దోశ మీద పూస్తే ఎర్రగా కనబడుతుంది, అంతే.

రోలు_రోకలి:

అక్క సరుకుల సంగతి చెప్పింది, నేను సామాన్ల సంగతి చెప్తా. అందరూ మిక్సీ చాలంటారు, చాలదు బ్రో. పెద్ద రోలు అక్కర్లేదు, జానెడు వెడల్పున్న చిన్న రాతి రోలు ఒకటి, దానికి బండ. వెల్లుల్లి కారం, ఊరుబిండి (బుడ్డల పచ్చడి), పచ్చిమిరపకాయ చట్నీ ఇవి దంచుకోవాలే గానీ తిప్పితే ఆ రుచి రాదు. మిక్సీలో బుడ్డలు వేడెక్కి నూనె వదిలి ముద్దగా తయారవుతాయి, ఊరుబిండికి పంటికింద పలుకు తగలాలి. కొత్త రోలు తెచ్చుకున్నాక గుప్పెడు బియ్యం, రాళ్ళ ఉప్పు వేసి నూరి పారబోయి, మళ్ళీ వేసి నూరు, నూరిన పిండిలో రాతి పొడి కనబడనంత వరకు అదే పని. తొందరపడి చట్నీ నూరితే ఇసుక తింటావు.

తర్వాత సంగటి కట్టె. ఇది ఊళ్ళో వడ్రంగి దగ్గర చేయించుకునో, జాతరలోనో సంతలోనో కొనుక్కునో తెచ్చుకో, బరువుండదు, బ్యాగులో పడిపోతుంది. స్టీలు గరిటెతో సంగటి కెలికితే గరిటె వంగుతుంది, ముద్దలో ఉండలు మాత్రం అలాగే ఉంటాయి. కుక్కర్‌లో కూడా సంగటి చేస్తారు గానీ, అడుగు మందంగా, లోతుగా ఉన్న గిన్నె ఒకటుంటే హాయి. బియ్యం మెత్తగా ఉడికి నీళ్ళు ఇంకా పైన ఆడుతుండగానే రాగిపిండి మధ్యలో కుప్పగా పోసి, కదపకుండా మూత పెట్టి సన్న మంట మీద వదిలెయ్. పిండి ఆవిరికి మగ్గిన తర్వాతే కట్టె పెట్టాలి. మొదట్లోనే కలిపేస్తే పచ్చివాసన పోదు.

పెనాలు రెండుండాలి, ఇది మాత్రం ఖర్చని ఆలోచించకు. రొట్టె మీద నీళ్ళు తడిపి కాలుస్తాం కదా, ఆ నీళ్ళకు, పొడి మంటకు పెనం మీది నూనె పొర పోతుంది. మరుసటి రోజు అదే పెనం మీద దోశ పోస్తే వదలదు. రొట్టె పెనం వేరు, దోశ పెనం వేరు. రెండూ ఇనుపవే తీసుకో.

డబ్బా_వంటవాడు:

రోలన్నా, నీ మాట కాదనను గానీ, అద్దె ఫ్లాట్‌లో రాత్రి తొమ్మిదింటికి ఆఫీసు నుంచి వచ్చి రోట్లో దంచితే కింది ఫ్లాట్ వాళ్ళు పైకొస్తారు. నేను బెంగళూరులో ఒక్కణ్ణే వండుకుంటా. బుడ్డలు పూర్తిగా చల్లారాక మిక్సీ చిన్న జారులో పల్స్ మీద ఆపి ఆపి తిప్పితే పలుకు బాగానే ఉంటుంది. వేడిగా ఉన్నప్పుడు తిప్పుతారు, ముద్దయింది అంటారు. రోలు కొనద్దని అనడం లేదు, మొదటి నెలలోనే కొనాల్సిన వస్తువు కాదది.

బ్యాచిలర్ బ్రో, నీకు అసలు కావలసింది పొడులు. మన వంటలో సగం పని పొడులే చేస్తాయి. ఆదివారం ఒక గంట కూర్చుని బుడ్డల పొడి, పప్పుల పొడి చేసుకుంటే వారమంతా గట్టెక్కుతావు. పప్పుల పొడి అంటే పుట్నాలు, ఎండుకొబ్బరి, వెల్లుల్లి, కారం, ఉప్పు, అంతే కదా. అది ఉగ్గానిలోకి వెళ్తుంది, దోశ మీదికి వెళ్తుంది, వేపుళ్ళలో చివర్లో చల్లుకోవచ్చు, ఏమీ లేని రోజు వేడన్నంలో నెయ్యితో కలుపుకోవచ్చు. ఇంకొకటి, వేయించిన బుడ్డలు, నువ్వులు, ఎండుకొబ్బరి, ధనియాలు, ఎండుమిర్చి కలిపి బరకగా కొట్టి ఫ్రిజ్‌లో పెట్టుకుంటే గుత్తి వంకాయకు, బెండకాయ పులుసుకు, మిరపకాయ కూరకు అదే మసాలా. చింతపండు రసం, ఉల్లిపాయ కలుపుకుంటే చాలు. ఎండుకొబ్బరి ఉన్న పొడి ఏదైనా బయట పెడితే కొన్నాళ్ళకే ముక్కిపోయిన వాసన వస్తుంది, అందుకే ఫ్రిజ్.

అసలు నా పద్ధతి చెప్తా. సరుకుల లిస్టు రాసే ముందు వారంలో నిజంగా ఏం వండుతావో రాసుకో. నువ్వు చెప్పిన ఆరు వంటల్లో సంగటి, ఉగ్గాని, పులగం పని రోజుల్లో కూడా అవుతాయి. రొట్టె తట్టడం చెయ్యి తిరిగేదాకా సెలవు రోజు పనే. కాబట్టి మొదట ఆ మూడింటికి కావలసినవి కొను, అవి అయిపోయే తీరు చూసి మిగతావి. ఉలవలు, కొర్రలు, అరికెలు అన్నీ ఒకేసారి కొని అద్దాల డబ్బాల్లో వరసగా పెట్టి ఫొటో తీసుకునేవాళ్ళను చూశాను, ఆ తర్వాత అవి పురుగులకే భోజనం.

బనగానపల్లె_బ్యాచిలర్:

అక్కా, అన్నలూ, చాలా చాలా థ్యాంక్స్. నాచ్ణీ అనగానే ఇచ్చాడు! పక్క వీధిలో గిర్ణీ కూడా ఉంది, ఇన్నాళ్ళూ చూడనే లేదు.

ఇంకొన్ని అడుగుతా, విసుక్కోకండి. పుణెలో జూన్ వస్తే ఇక వానే వాన కదా, ఆ చెమ్మకు సరుకులు ఎలా కాపాడుకోవాలి? రెండోది, ఇక్కడి మరమరాలతో ఉగ్గాని చేస్తే గంజిలా అయిపోయింది, నానబెట్టడం ఎక్కువైందా? మూడోది, పులుసు ఇనుప బాణలిలో పెట్టొచ్చా? నాటుకోడి సంగతి కూడా ఎవరైనా చెప్పండి.

అనంతపురం_అల్లుడు:

ఉగ్గాని ప్రశ్న నాకు వదిలెయ్యండి, మా వైపు పొద్దున్నే ప్రతి బండి మీదా అదే.

నానబెట్టడం ఎక్కువైందని కాదు, బొరుగులే (మరమరాలే) వేరు. భేల్‌కి వాడే పల్చటివి నీళ్ళు తగిలితే కరిగిపోతాయి. అక్కడ భడంగ్ అని ఒక చిరుతిండి చేస్తారు, దానికి వాడే లావు బొరుగులు అడిగి తీసుకో, అవి మన బొరుగులకు దగ్గరగా ఉంటాయి. అవి కూడా గిన్నెలో నానబెట్టి వదిలేయకు, నీళ్ళలో వేసి ముంచి వెంటనే రెండు చేతులతో పిండి పక్కన పెట్టు. పోపు, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, పసుపు అయ్యాక బొరుగులు వేసి, దించే ముందు పుట్నాల పొడి. కొంచెం చెమ్మ మిగిలినా ఆ పొడి పీల్చేస్తుంది, అది వేసేది రుచికి ఒక్కదానికే కాదు. బజ్జీ లేకుండా ఉగ్గాని తినడం మా వైపు లెక్కలోకి రాదు గానీ, బ్యాచిలర్ కాబట్టి వదిలేస్తున్నా.

బొరుగులు ఎక్కువ కొనకు, గాలి తగిలితే మెత్తబడతాయి. మెత్తబడినా పారెయ్యక్కర్లేదు, ఖాళీ బాణలిలో సన్న సెగ మీద కాసేపు కదిపితే మళ్ళీ కరకరలాడతాయి.

కడపక్క_పుణె:

వానాకాలం సంగతి నేను చెప్తా, పుణె వానలు నాకు బాగా అలవాటు.

మే నెలలోనే మిరపకాయలు, చింతపండు, బ్యాళ్ళు బాల్కనీలో మంచి ఎండ తగిలేలా ఆరబెట్టి, చల్లారాక డబ్బాల్లో పోసెయ్. వేడిగా ఉండగానే మూత పెడితే లోపలే చెమ్మ పడుతుంది. చింతపండుకు గింజలు, పీచు తీసేసి, మధ్య మధ్య రాళ్ళ ఉప్పు చల్లుకుంటూ జాడీలోనో గాజు సీసాలోనో అదిమి పెట్టు. స్టీలు డబ్బా, అల్యూమినియం డబ్బా వద్దు, పులుపు లోహాన్ని తింటుంది. పాత చింతపండు నల్లగా ఉంటుందని భయపడకు, పులుసుకు అదే చిక్కదనం ఇస్తుంది, చారుకు కొత్తది బాగుంటుంది.

పురుగు పట్టకుండా ఉండాలంటే, కొత్తగా కొన్న బ్యాళ్ళు, రవ్వ, పిండి మూడు నాలుగు రోజులు ఫ్రీజర్‌లో పెట్టి తీయ్, లోపలున్న గుడ్లు చచ్చిపోతాయి. నీ చిన్న ఫ్రిజ్‌లో ఒకేసారి పట్టకపోతే విడతలుగా పెట్టు. కందిబ్యాళ్ళకు ఊళ్ళో ఆముదం పట్టిస్తారు, అదీ మంచిదే, వండే ముందు బాగా కడుక్కోవాలి. వేపాకు, ఎండుమిర్చి వెయ్యడం ఉంది, కొంత పని చేస్తుంది. కొందరు బియ్యానికి బోరిక్ పౌడర్ కలుపుతారు, ఆ పని మాత్రం చెయ్యకు, అది పురుగుల మందు, కడిగినా ఎంత పోయిందో ఎవరికి తెలుసు?

చెనిక్కాయల (బుడ్డల) విషయంలో ఇంకా జాగ్రత్త. పచ్చి గింజలే కొని, వారానికి సరిపడా వేయించుకో. ముడుచుకుపోయినవి, నల్లగా బూజు పట్టినవి కనబడితే ఏరి పారెయ్, ఎక్కువగా ఉంటే మొత్తం పొట్లమే పారెయ్. ఆ బూజులో ఉండే విషం (అఫ్లటాక్సిన్ అంటారు) వేయించినా పోదు, కాలేయానికి చేటు. నూరాక రుచి చేదుగా అనిపించిన పొడి కూడా తినొద్దు.

నూనె వేరుశనగదే వాడు. లక్డీ ఘాణా అని బోర్డు కనబడితే అది గానుగ నూనె, అర లీటరు చొప్పున తీసుకో, దానికి వాసన ఎక్కువ, నిల్వ తక్కువ.

రోలు_రోకలి:

ఇనుప బాణలిలో పులుసు పెట్టొద్దు బ్రో. చింతపండు పులుపుకు బాణలి మీది నూనె పొర ఊడుతుంది, పులుసు నల్లబడుతుంది, నాలుక మీద తుప్పు రుచి. వేపుడికి ఇనుము, పులుసుకు మట్టి చట్టి. గ్యాస్ మీద మట్టి చట్టి నిలుస్తుందా అని అడుగుతారు, నిలుస్తుంది, ఒక రోజంతా నీళ్ళలో నానబెట్టి, మొదటిసారి గంజి కాచి, ఎప్పుడూ సన్న మంట మీదే మొదలుపెట్టాలి. ఖాళీ చట్టిని మంట మీద పెట్టినా, వేడి చట్టిలో చన్నీళ్ళు పోసినా పగులుతుంది. సబ్బు వెయ్యకు, పీల్చుకుంటుంది, వేడినీళ్ళు, పీచు చాలు. రాచిప్ప (రాతి గిన్నె) దొరికితే ఇంకా మంచిది, స్టవ్ ఆపాక కూడా పులుసు అందులో చాలాసేపు ఉడుకుతూనే ఉంటుంది, కాకపోతే బరువు, ధర రెండూ ఎక్కువే. ఇదంతా వద్దనుకుంటే అడుగు మందం స్టీలు గిన్నె, ఎవరూ ఏమీ అనరు.

ఇత్తడి గిన్నె ఇంటి నుంచి తెచ్చుకునే ఆలోచన ఉంటే లోపల కళాయి పూత ఉందో లేదో చూసుకో. పోయి ఉంటే పుణె పాత ఊళ్ళో తాంబట్ ఆళీ అని రాగి, ఇత్తడి పనివాళ్ళ వీధి ఉంది, అక్కడ కనుక్కో.

డబ్బా_వంటవాడు:

నాటుకోడికి అక్కడ గావ్‌రాన్ కోడి అని అడగాలి. బ్రాయిలర్‌కి వేసిన లెక్కలో నీళ్ళు, టైము వేస్తే రబ్బరులా ఉంటుంది, ముందు కుక్కర్‌లో పసుపు, ఉప్పు, అల్లం వెల్లుల్లితో మెత్తగా ఉడికించుకుని తర్వాత చట్టిలో మసాలా వేసి మరిగించు. మసాలాకు ధనియాలు, గసగసాలు, ఎండుకొబ్బరి, లవంగం, చెక్క. గసగసాలు ధర చూసి గుండె ఆగేటట్టుంటే పుట్నాలు గానీ బుడ్డలు గానీ కొంచెం వేసి నూరు, చిక్కదనం వస్తుంది. గరం మసాలా ప్యాకెట్ మాత్రం వెయ్యకు, ఆ వాసన హోటల్‌ది.

బనగానపల్లె_బ్యాచిలర్:

మొత్తం రాసుకున్నా. ఇప్పటికి సంగటి గిన్నె, రెండు పెనాలు, డబ్బాలు కొంటాను, రోలు, చట్టి పండక్కి ఊరికెళ్ళినప్పుడు. కట్టె గురించి అమ్మకు చెప్తే నవ్వి, ఇంట్లో ఉన్నదే ఇస్తానంది. ఒక్కటే మిగిలింది, పులగానికి పెసరబ్యాళ్ళు పొట్టువా, పొట్టు తీసినవా? షాపులో రెండూ ఉన్నాయి.

కడపక్క_పుణె:

పొట్టువి అబ్బీ. ఒక గ్లాసు బియ్యానికి అర గ్లాసు బ్యాళ్ళు, మిరియాలు, జీలకర్ర, పసుపు, ఉప్పు. పొట్టు తీసినవైతే అన్నంలో కలిసిపోయి పొంగలి అవుతుంది. బ్యాళ్ళు ఒక అరగంట ముందు నానెయ్, పైకి తేలిన పొట్టు తియ్యకు. పక్కన చెనిక్కాయల చట్నీ కాస్త పలుచగా, పులుపు, కారం ఎక్కువగా ఉండాలి, పులగం చప్పగా ఉంటుంది కదా. నెయ్యి ఎంత వేసుకుంటావో నీ ఇష్టం.